చిన్నగదిలో చుట్టం

పాము ఇంటికి వచ్చే శనివారం పొద్దున చాముండేశ్వరి వంటింటి తలుపు వేసుకుని గారెలపిండి రుబ్బుకుంటూ కూర్చుంది. అది మేడమీదికి చేరేదాకా తాను ఇవతలికి రానని ముందే ప్రకటించింది. పేరు చూస్తే రాక్షసులు పారిపోవాలి. మనిషి మాత్రం తెనాలిలో ఉన్న రోజుల్లో గోడమీద బల్లి కనిపిస్తే మంచమెక్కి కూర్చునేది. పాములే లేని ఐర్లండ్ దేశంలో ఇల్లు కొనుక్కున్నామని ఇన్నాళ్ళూ నేస్‌లో నిశ్చింతగా ఉన్నదానికి కన్నకూతురే ఎసరు పెట్టింది.

సుధేష్ణకు పధ్నాలుగేళ్ళు. ఎప్పటినుంచో ఒక పెంపుడు ప్రాణి కావాలని తల్లిదండ్రుల చెవిన ఇల్లు కట్టుకుని పోరుతోంది. కుక్కనూ పిల్లినీ తెద్దామంటే జనార్దనరావుకు బొచ్చు పడదు, తుమ్మి తుమ్మి కళ్ళు ఎర్రబడతాయి. అలాంటి సమయంలో వీధి చివరింటి అబిగేయిల్ దగ్గరికి ఒక కార్న్ స్నేక్ వచ్చింది. ఆవిడ పశువైద్యశాలలో నర్సు. ఎవరో దేశం విడిచి వెళ్తూ దాన్ని ఆవిడ చేతిలో పెట్టి పోయారు. విషం లేదు, బొచ్చు లేదు, అరుపు లేదు. జనార్దనరావు ఇంకేం సాకు చెప్పగలడు? పాము పేరు టోఫీ.

ఇచ్చేముందు అబిగేయిల్ ఒకటే మాట చెప్పింది. కొత్తచోట పాము తిండి తింటే అది మీదే. తినకుండా మొండికేస్తే మాత్రం మళ్ళీ తన దగ్గరికే తెచ్చేయాలి, ఈ కౌంటీలోనే దాన్ని తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న కుటుంబం మరొకటి ఉంది.

అసలు గొడవ పామును ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది. సుధేష్ణ గది వీధివైపు ఉంది, కిటికీ సందుల్లోంచి చలిగాలి కొడుతుంది. ఇంట్లో ఎప్పుడూ ఒకే వెచ్చదనం ఉండే చోటు మేడమీద చిన్నగది. తువ్వాళ్ళు ఆరేసే హాట్ ప్రెస్, అంటే వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అలమర, దాని గోడ అవతలే ఉంటుంది. కానీ ఆ చిన్నగదే చాముండేశ్వరి దేవుడిగది.

"ఎలుకల్ని తినే జీవాన్ని తీసుకొచ్చి నా దేవుళ్ళ పక్కన పెడతారా? ఈ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వని దాన్ని," అంది చాముండేశ్వరి.

"సుబ్రహ్మణ్యస్వామి తనంతట తాను వచ్చి దేవుడిగదిలోనే ఉంటానంటే కాదనడానికి మనమెవరం చాముండీ," అన్నాడు జనార్దనరావు.

అతను వేళాకోళానికే అన్నాడు. కానీ పెళ్ళయి ఇన్నేళ్ళయినా భార్యతో ఏ వేళాకోళం ఆడొచ్చో, ఏది ఆడకూడదో ఆ మహానుభావుడికి తెలిసి చావలేదు. చాముండేశ్వరి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్ళయిన కొత్తలో సంతానం కోసం మోపిదేవి వెళ్ళి ఆ స్వామికే మొక్కుకున్న మనిషి ఆమె. ఆ మొక్కు ఫలమే ఇప్పుడు అటక మెట్లమీద కూర్చుని పాము పుస్తకం చదువుతోంది. ఇంకేముంది, గది దక్కింది.

ఆ శనివారం సాయంత్రం అబిగేయిల్ వెళ్ళిపోయాక చాముండేశ్వరి గుండె చిక్కబట్టుకుని, మొగుడి భుజం వెనకనుంచి మొదటిసారి తొంగిచూసింది. గాజుపెట్టె అడుగున చెక్కపొట్టు పరిచి ఉంది. ఒక మూల నీళ్ళగిన్నె, రెండు మూలల్లో దాక్కోవడానికి బోర్లించిన గూళ్ళు. ఒక గూటిలోంచి వేలెడంత తల బయటికి వచ్చి, నాలుక ఆడించి, మళ్ళీ ఆగింది. తరవాత మిగతా ఒళ్ళు తీరుబడిగా వచ్చింది. కాగిన బెల్లప్పాకం రంగు, దాని మీద ఎర్రటి మచ్చలు, ఒక్కొక్క మచ్చకూ సన్నటి నల్లంచు. ఇంత శుభ్రమైన ప్రాణిని తాను ఎప్పుడూ చూడలేదనిపించింది చాముండేశ్వరికి. కంచిపట్టు దుకాణంలో కూడా అలాంటి అంచు చూపించలేదు.

"ఎంత బాగుందండీ," అంది మెల్లగా. భయం ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

"అమ్మా, ఒక వారం దాకా ఎవరూ పెట్టె తెరవకూడదు. గాజు మీద కొట్టకూడదు. తిండి కూడా పెట్టకూడదు. అది సెటిల్ అవ్వాలి," అంది సుధేష్ణ. ఆ పిల్లకు తెలుగంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో, అచ్చం ఆ కిల్డేర్ కౌంటీ పిల్లల యాసలో వస్తుంది.

"ఇంటికొచ్చిన వాళ్ళని వారం రోజులు పస్తు పెడతామా? ఎక్కడి మర్యాదే ఇది?"

"దానికి అదే మర్యాద. మనం దాని జోలికి పోకపోవడమే."

చాముండేశ్వరికి ఈ మాట మింగుడు పడలేదు. చుట్టం వస్తే కాళ్ళకు నీళ్ళివ్వడం, పీట వేయడం, వద్దన్నా మారు వడ్డించడం ఆమెకు తెలిసిన మర్యాద. చుట్టాన్ని గదిలో పెట్టి తలుపేసి పోవడం ఏ శాస్త్రంలోనూ వినలేదు.

అయినా పిల్ల పని చేసే తీరు చూస్తే ముచ్చటేసేది. బడినుంచి రాగానే చేతులు కడుక్కుని, చప్పుడు కాకుండా చిన్నగదిలోకి వెళ్ళేది. పెట్టెలో వెచ్చటి వైపు ఎంత వేడి ఉందో, చల్లటి వైపు ఎంత ఉందో చూసేది. నీళ్ళు మార్చాల్సిన రోజు గిన్నెను ఎంత నెమ్మదిగా తీసేదంటే, గూటిలోని పాముకు ఎవరో వచ్చి వెళ్ళారన్న సంగతి కూడా తెలిసేది కాదు. మంచం మీది దుప్పటి మడతపెట్టమంటే వాయిదాలు వేసే పిల్ల, పెట్టె గాజును మాత్రం మెత్తటి గుడ్డతో తుడిచి తుడిచి వదిలేది. ఇంత ఓపిక దీనికి ఎవరి పోలికో అనుకునేది తల్లి. తన పోలిక కాదన్నది మాత్రం ఖాయం.

ఎందుకంటే తనకు ఆ ఓపిక లేదు. మూడోనాడే ఆగలేకపోయింది.

చెర్రీవుడ్‌లో ఆఫీసుకు బయలుదేరేముందు దీపం పెట్టడం ఆమెకు అలవాటు. అగరొత్తులు వెలిగించి, దేవుళ్ళకు చూపించి, పక్కనే స్వామి ఉండగా చూపించకుండా ఎలా వస్తుంది? గాజుపెట్టెకూ చూపించింది. మర్నాడు గాజు మీద కుంకుమబొట్టు పెట్టింది. ఆ మర్నాడు గాజు తలుపును బెత్తెడు మేర జరిపి, నాలుగు అక్షింతలు లోపల వేసింది. శుక్రవారం కదా అని సాంబ్రాణి పొగ వేసింది. ఆ పొగకు స్వామి గూటిలోంచి చరచరా వచ్చి పెట్టె అంతా తిరిగితే, ఆనందంతో తిరుగుతున్నాడనుకుంది. పక్కవాళ్ళకు పిచ్చి అనిపిస్తే అనిపించనీ, ఆమె కళ్ళు చెమర్చాయి.

అలా నిలబడి కాసేపు కబుర్లు కూడా చెప్పేది. "కొత్త మేనేజరు మంచివాడే స్వామీ, కానీ నా వైపు చూడడు. మధ్యాహ్నం అందరూ కలిసి కిందికి పోతారు, నన్ను రమ్మని అనరు. కావాలని కాదులే, గుర్తుండదు వాళ్ళకి. నేను కార్లో కూర్చుని డబ్బా తెరుచుకుంటాను." పాము నాలుక ఆడించేది. మొగుడితోనూ కూతురితోనూ చెప్పని మాటలు అక్కడ వాటంతటవే వచ్చేవి. చెప్పుకున్న రోజు కారు నడపడం కూడా తేలిగ్గా అనిపించేది.

వారం దాటాక మొదటి తిండి పెట్టారు. పాముల తిండికని అమ్మే ఎలుకపిల్లలు గడ్డకట్టి వస్తాయి. వాటి కోసం జనార్దనరావు కార్ల షెడ్డులో విడిగా చిన్న ఫ్రీజర్ పెట్టించాడు. వినాయకుడి వాహనాన్ని తమ్ముడికి నైవేద్యం పెట్టడమేమిటని చాముండేశ్వరి ఆ పూట ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిందే ఉండిపోయింది. పిల్ల మాత్రం ఏ మాత్రం జంకలేదు. ఎలుకను సంచీలో వేసి గోరువెచ్చటి నీళ్ళలో నాననిచ్చి, తుడిచి, పొడుగాటి పటకారుతో తోక పట్టుకుని లోపలికి చాచింది. చెయ్యి వణకకుండా చాలాసేపు అలాగే ఉంచింది. టోఫీ ఒకసారి చూసి, తల తిప్పుకుని గూటిలోకి పోయింది.

మరో వారం ఆగి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే వరస.

"నీ అతి చాదస్తమే దీనికంతటికీ కారణం," అంది చాముండేశ్వరి ఆ రాత్రి భోజనాల దగ్గర. "పొద్దస్తమానం దాని దగ్గరే తచ్చాడతావు. వేడి చూస్తావు, నీళ్ళు చూస్తావు, పటకారు పెడతావు. నీ పోరు పడలేక అది తిండి మానేసింది. అబిగేయిల్ తీసుకుపోతే అప్పుడు ఏడువు."

సుధేష్ణ తలెత్తలేదు. పెరుగన్నం చివరి ముద్ద తిని, కంచం తీసుకెళ్ళి కడుక్కుంది.

"అలా అంటావేంటి చాముండీ, పిల్ల శక్తికి మించి చేస్తోంది," అన్నాడు జనార్దనరావు.

"మీరు వెనకేసుకు రాకండి," అంది ఆమె. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇదిలా ఉండగా నాగులచవితి దగ్గరపడింది. చాముండేశ్వరి మనసులో ఒక గొప్ప ఆలోచన పుట్టింది. ఐర్లండ్‌లో పుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఏటా తోటలో గులాబీ మొదట పాలు పోసి తృప్తిపడడమే. ఈసారి సాక్షాత్తూ స్వామే ఇంట్లో ఉన్నాడు. తమ ఇళ్ళ ఎస్టేట్‌లోనే ఉండే ఉజ్వలకు ఫోన్ చేసింది. ఉజ్వలది కరీంనగర్, నోట్లో నువ్వుగింజ నానదు. "మాకైతే శ్రావణంల పంచమే అక్కా. అయినా బతికున్న నాగదేవత అంటే ఎవరు రానంటరు? నేను అందరికీ చెప్త," అంది. సాయంత్రానికల్లా ఎస్టేట్‌లో తెలుగు ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. తన ఇంటికి అంతమంది వస్తామనడం చాముండేశ్వరికి ఈ ఊళ్ళో అదే మొదలు. కొత్త చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

చవితి శనివారం. గురువారం నాడు ఆఫీసులో మీటింగు రద్దయి, ఆమె పెందలాడే ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గర బురద బూట్లు చూసి అబిగేయిల్ వచ్చిందని గ్రహించింది. మేడమెట్లు సగం ఎక్కేసరికి చిన్నగదిలోంచి మాటలు వినిపించాయి.

"శ్వాసలో చిన్న గురక ఉంది," అంటోంది అబిగేయిల్. "ఈ గదిలో ఏమైనా కాలుస్తున్నారా? కొవ్వొత్తులు, పొగ వచ్చేవి? పాములకు పొగ అస్సలు పడదు. ఊపిరి దెబ్బతింటుంది."

"లేదు," అంది సుధేష్ణ.

"పెట్టె ఎవరైనా తెరుస్తున్నారా? ఇది బెదిరిపోయి ఉంది. ఈ గది ఇంకా తనది కాలేదు దీనికి."

"నేనే," అంది పిల్ల. "రోజూ పొద్దున నేనే తెరుస్తున్నాను. చూడకుండా ఉండలేకపోతున్నాను. సారీ."

అబిగేయిల్ నిట్టూర్చింది. కోప్పడలేదు. "నిజం చెప్పావు, మంచిపిల్లవి. కానీ అలా అయితే శనివారం దీన్ని నేను తీసుకెళ్ళిపోవాలి సుధా. నీకోసం కాదు, దానికోసం."

"తెలుసు," అంది సుధేష్ణ.

చాముండేశ్వరి మెట్లమీద కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. తలుపు ఓరగా ఉంది. అబిగేయిల్ అటు తిరిగి సంచీ సర్దుకుంటుంటే, పిల్ల తడిగుడ్డతో గాజుపెట్టె మూల గబగబా తుడిచింది. గుడ్డకు ఎర్రగా కుంకుమ అంటింది. తరవాత చెక్కపొట్టులోంచి పసుపుబియ్యం గింజ ఒకటి రెండు వేళ్ళతో ఏరి జేబులో వేసుకుంది. ఆ చెయ్యి తడుముకోలేదు. ఎక్కడ వెతకాలో, ఏది తీయాలో దానికి అలవాటైపోయింది.

అంటే రోజూ ఇలాగే తుడుస్తోందన్నమాట. తాను పొద్దున పెట్టి వెళ్ళిన బొట్టును సాయంత్రం చెరిపేస్తోంది. కిటికీ తెరిచి పొగ పోనిస్తోంది. భోజనాల దగ్గర తల్లి తిడుతుంటే, ఆ తిట్టంతా పెరుగన్నంతోబాటు మింగేసింది. చాముండేశ్వరికి ముఖం మీద ఎవరో చరిచినట్టయింది. ఎంత అన్యాయంగా మాట్లాడింది తను. ఇంతటి మనసు తన కడుపున పుట్టిందని గర్వపడాలో, సిగ్గుతో చావాలో తెలియలేదు.

మెట్లు దిగి వచ్చిన అబిగేయిల్‌ను గుమ్మం బయటికి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఆఫీసులో ఎంత పెద్ద ప్రెజెంటేషనైనా తడబడకుండా ఇచ్చే మనిషికి ఇంగ్లీషు మాటలు కూడబలుక్కోవాల్సి వచ్చింది.

"తెరిచింది మా అమ్మాయి కాదు, నేను. పొగ వేసింది కూడా నేనే. మాకు పాము దేవుడు. పూజ చేశాను."

అబిగేయిల్ ఆమెను కాసేపు చూసింది. "ప్రేమతోనే చేసుంటావు," అంది.

"ప్రేమతోనే. కానీ చంపేసేదాన్ని. నాకు ఇంకొక్క అవకాశం ఇవ్వండి. మా అమ్మాయికి కాదు, తప్పు దానిది కాదు. నాకు ఇవ్వండి. ఇక ఆ గది గడప తొక్కను."

వచ్చే వారాంతం దాకా చూద్దామంది అబిగేయిల్. గురక పెరిగితే మాత్రం వెంటనే తీసుకెళ్ళిపోతానంది. అప్పటికి ఊపిరి సర్దుకుని, అది తింటే సరే. లేకపోతే ఇక మాటల్లేవు.

ఆ సాయంత్రం సుధేష్ణ ఈతకు వెళ్ళినప్పుడు చాముండేశ్వరి స్నానం చేసి, చివరిసారి ఆ గదిలోకి వెళ్ళి దేవుళ్ళను కదిలించింది. వెంకటేశ్వరస్వామి పటం, వెండి లక్ష్మి, అత్తగారిచ్చిన కుందులు ఒక్కొక్కటీ జనార్దనరావు చేతికి అందించింది. వంటింట్లో పప్పుల డబ్బాలుండే ప్రెస్ ఖాళీ చేసి అందులో సర్దింది.

"దేవుడిగదినుంచి దేవుళ్ళనే ఖాళీ చేయిస్తున్నావా?" అన్నాడతను. ఈసారి వేళాకోళం ఆడలేదు.

"వాళ్ళకి ఎక్కడైనా సర్దుకోవడం తెలుసండీ. దానికి తెలియదు," అంది చాముండేశ్వరి.

శుక్రవారం అందరికీ ఫోన్ చేసి రావొద్దని చెప్పాలనుకుంది. చేతిలోకి ఫోన్ తీసుకుని మళ్ళీ పెట్టేసింది, ఎన్నిసార్లో. పిలిచిన పేరంటాన్ని వద్దనడానికి నోరు రావాలి కదా. అలా అలా శనివారం తెల్లవారింది, వాన కూడా మొదలైంది. పట్టుచీరల మీద రెయిన్‌కోట్లు వేసుకుని, పాలగ్లాసులు, చలిమిడి, చిమ్మిలి ఉండలు పట్టుకుని ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. అందరికన్నా ముందు ఉజ్వల.

చాముండేశ్వరి గడపకు అడ్డంగా నిలబడింది. "మీరంతా నన్ను క్షమించాలి. పైకి ఎవరినీ పంపలేను. దానికి ఒంట్లో బాగాలేదు. మనుషుల్ని చూస్తే బెదురుతోంది."

"అక్కా, దూరంకెల్లి దండం పెట్టుకుని పోతం. గంతకే ఏమైతది?" అంది ఉజ్వల.

"దూరంనుంచి కూడా వద్దమ్మా. తోటలో గులాబీ దగ్గర పాలు పోద్దాం, నేను గొడుగు పడతాను."

"గులాబీ చెట్టు మా ఇంట్ల లేదా? గిట్ల రమ్మని పిలిచి గడపల నుంచే పంపుడు మంచిగుంటదా?"

బాగుండదని చాముండేశ్వరికి తెలుసు. ఈ ఎస్టేట్‌లో మళ్ళీ ఎవరైనా తన గడప తొక్కుతారో లేదో కూడా తెలియదు. చిన్ననాటినుంచీ చేతిలో కుంకుమభరిణెతో ఎదురువెళ్ళడమే గానీ, ముత్తైదువల్ని తిప్పి పంపడం ఆమె ఒంట్లో లేదు. అయినా పక్కకు తొలగలేదు.

"బాగుండదు ఉజ్వలా. తప్పు నాదే. కానీ పంపలేను," అంది.

ఉజ్వల పాలగ్లాసు మూత నొక్కిపెట్టి వెనక్కు తిరిగింది. ఇద్దరు ఆమె వెంట వెళ్ళారు. మిగిలినవాళ్ళు మొహమాటానికి తోటలోకి వచ్చి, వానలో గులాబీ మొదట పాలు పోసి, తాంబూలం పుచ్చుకుని వెళ్ళారు. చాముండేశ్వరి తడిసిన చీరతో లోపలికి వచ్చేసరికి మేడమెట్ల పైన సుధేష్ణ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో, అంతా విన్నది. హాట్ ప్రెస్‌లోంచి తువ్వాలు తీసి తల్లి భుజాల మీద వేసింది.

ఆ తరవాతి రోజుల్లో ఇంట్లో అందరూ మునివేళ్ళ మీద నడిచారు. జనార్దనరావు వార్తల చప్పుడు తగ్గించి చూశాడు. చాముండేశ్వరి పొద్దున్నే పప్పుల ప్రెస్ ముందు దీపం పెట్టి, మేడమీదికి చూడకుండా ఆఫీసుకు వెళ్ళిపోయేది. ఉపవాసాలు ఎన్నో చేసింది గానీ, ఒక తలుపు తెరవకుండా ఉండడంలో ఇంత కష్టముందని ఆమెకు తెలియదు. మధ్యలో ఒక సాయంత్రం అబిగేయిల్ వచ్చి చూసి, గురక వినిపించడం లేదంది. ఆ మాటకే చాముండేశ్వరి వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

శుక్రవారం సాయంత్రం సుధేష్ణ ఎలుకను వెచ్చటి నీళ్ళలోంచి తీసి, తుడిచి, పటకారు పట్టుకుని పైకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. రేపు అబిగేయిల్ వస్తుంది. జనార్దనరావు కూర్చోలేక వాకిట్లో చెత్తడబ్బాలు సర్దడానికి పోయాడు. చాముండేశ్వరి మేడమెట్ల మీద కూర్చుంది. చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. లేచి నాలుగు మెట్లెక్కి ఓరగా తొంగిచూస్తే అయిపోతుంది. చేతులు ఒడిలో పెట్టుకుని, వేళ్ళు ముడివేసుకుని, అక్కడే ఉండిపోయింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సుధేష్ణ వచ్చి తల్లి పక్కన మెట్టుమీద కూర్చుంది. పటకారు ఖాళీగా ఉంది.

"తినేసింది," అంది గుసగుసగా. "ఒక్క ఉదుటున పట్టుకుంది. రెండు చుట్లు చుట్టి, తర్వాత తల వైపునుంచి మొదలుపెట్టి, చాలా స్లోగా. ఇప్పుడు గూటిలో పడుకుంది. ఇట్స్ అవర్స్, అమ్మా."

మొదటిసారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న చాముండేశ్వరి, ఒక పాము ఎలుకను మింగిందన్న మాటకు దణ్ణం పెట్టుకుంది. పైకెళ్ళి చూస్తానని మాత్రం అడగలేదు.

"అంతా నేనే చేస్తున్నానని నీకు ముందే తెలుసు," అంది కొంతసేపటికి. "ఆ రోజు అబిగేయిల్‌తో నేనే అని అబద్ధమెందుకు చెప్పావే? పాము పోయేదిగా."

సుధేష్ణ పటకారు కొసను వేలితో రాస్తూ ఆలోచించింది.

"నువ్వు దానితో మాట్లాడేదానివి కదా. నా గదిలోకి వినిపించేది. లంచ్ గురించి, కారు గురించి. కింద మాతో మాత్రం ఎప్పుడు అడిగినా ఆఫీసు గ్రాండ్, అంతా బాగుంది అంటావు. నీకు చెప్పుకోడానికి అదొక్కటే ఉందనుకున్నాను. వద్దని ఎలా చెప్పను?"

కింద వాకిట్లో డబ్బా మూత పడిన చప్పుడు వినిపించింది. చాముండేశ్వరి కూతురి వైపు చూడలేక తన చేతుల వైపు చూసుకుంది.

"ఇవాళ ఎలా ఉంది ఆఫీసు?" అంది సుధేష్ణ, ఈసారి తెలుగులో.

గ్రాండ్ అనబోయింది చాముండేశ్వరి. ఆ మాట నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది.

"ఇవాళ కూడా నన్ను పిలవలేదే," అంది.

సుధేష్ణ పటకారు పక్కన పెట్టి, మెట్టుమీద తల్లి వైపు జరిగి కూర్చుంది.